జీనోమ్ చేతికొచ్చాక కొత్త మందు ఎందుకు ఆలస్యమైంది?

అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలం తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. పైకి ఎక్కితే చింతపల్లి వైపు ఏజెన్సీ అడవులు. కిందికి దిగితే నర్సీపట్నం, ఇంకా ముందుకు పోతే జాతీయ రహదారి, సముద్రం ఒడ్డు దాకా నక్కపల్లి మండలం. అదే జిల్లాలో పరవాడ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఏళ్ల తరబడి నడుస్తోంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పక్కనే కాకినాడ జిల్లా తొండంగి మండలంలో పెన్సిలిన్-జి తయారుచేసే కర్మాగారం 2024 అక్టోబరులో ప్రారంభమైంది. సుమారు మూడు దశాబ్దాలు దిగుమతుల మీద బతికాక మన దేశం ఆ ముడిసరుకును మళ్లీ సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టింది. యాంటీబయాటిక్‌ను టన్నుల లెక్కన చేయడం ఈ ప్రాంతానికి తెలిసిన విద్య. బాక్టీరియా ఇంకా ఎరగని కొత్త యాంటీబయాటిక్‌ను కనిపెట్టడం వేరే విద్య. దానికి జీనోమ్ శాస్త్రం, అంటే జీవి జన్యుపటాన్ని పూర్తిగా చదివే విద్య, ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు, మన దగ్గర ఏం జరగాలి అన్నదే ఈ సమీక్ష.

అవసరం ఎంతటిదో ముందు చూద్దాం. మందుకు లొంగని బాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది ప్రాణాలు నేరుగా తీసిందనీ, దాదాపు 49.5 లక్షల మరణాల్లో దాని పాత్ర ఉందనీ లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. 2025 నుంచి 2050 దాకా నేరుగా పోయే ప్రాణాలే 3.9 కోట్లు ఉండవచ్చని 2024లో వచ్చిన మరో అంచనా. మన పల్లెల్లో ఇది ఎలా మొదలవుతుందో అందరికీ తెలిసిందే. జ్వరం వస్తుంది. ఊళ్లో ఆర్ఎంపీ ఒక సూది వేస్తాడు, మందుల షాపులో రెండు రోజులకు సరిపడా బిళ్లలు కొంటారు, ఒళ్లు తేలికపడగానే ఆపేస్తారు. ఒంట్లో ఉన్న బాక్టీరియా ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ టెస్టు అన్న మాటే రాదు. చీటీ లేనిదే అమ్మకూడదనీ, అమ్మినది రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలనీ ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను 2013లోనే హెచ్1 షెడ్యూలులో చేర్చారు. ఆ నిబంధన ఊరి చివరి దుకాణం దాకా ఎంత చేరిందో చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. అయితే నెపమంతా కోర్సు మధ్యలో ఆపిన కూలీ మీద వేయడం అన్యాయం. రోజు కూలీ పోగొట్టుకుని ఆస్పత్రికి వెళ్లి, పరీక్ష ఫలితం కోసం మూడు రోజులు ఆగగలిగే స్తోమత అతనికి ఎవరూ కల్పించలేదు.

జీనోమ్ కాలానికి ముందు యాంటీబయాటిక్‌లు మట్టిలోంచే వచ్చాయి. ఆ చరిత్రలో మనవాడొకడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ దేశమంతటి నుంచి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి సాన్‌బార్న్ పొలం మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. ఆ పద్ధతిలో మర్మమేమీ లేదు. మట్టి తేవడం, అందులోని సూక్ష్మజీవిని పళ్లెంలో పెంచడం, అది పక్కనున్న బాక్టీరియాను చంపుతుందేమో చూడడం. ఇరవై ఏళ్లపాటు ఆ దారిలో పంట పండింది. తరువాత దొరికినవే మళ్లీ మళ్లీ దొరకసాగాయి, కంపెనీలకు విసుగు వచ్చింది.

ఆ నిరాశలోకి 1995లో జీనోమ్ వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బాక్టీరియా జన్యుపటం మొత్తాన్ని, సుమారు 18 లక్షల డీఎన్ఏ అక్షరాలను, చదివేశారు. స్వేచ్ఛగా బతికే ఒక జీవి జన్యుపటం పూర్తిగా చదవడం అదే మొదలు. 1997లో ఈ.కోలై వంతు వచ్చింది. 1998లో క్షయ బాక్టీరియా పటం వచ్చింది, 44 లక్షల అక్షరాలు, 4,000 దాకా జన్యువులు. అప్పటి ఆలోచన చాలా సూటిగా ఉంది. బాక్టీరియాకు ఏ జన్యువు లేకపోతే బతకలేదో కనుక్కోవాలి, ఆ జన్యువు చేసే ప్రోటీన్‌ను పరీక్షనాళికలో తయారుచేయాలి, కంపెనీ గిడ్డంగిలోని లక్షల రసాయనాల్లో దాన్ని అడ్డుకునేదేదో యంత్రాలతో వెతకాలి. మందు దొరికినట్టే అనుకున్నారు.

దొరకలేదు. ఈ వైఫల్యాన్ని దాచకుండా రాసి పెట్టినందుకు గ్లాక్సోస్మిత్‌క్లైన్ శాస్త్రవేత్తలకు వైద్యలోకం రుణపడి ఉంది. 1995 నుంచి 2001 వరకు వారు 300కు పైగా జన్యువులను పరిశీలించారు, 70 భారీ వెతుకులాటలు నడిపారు. ముందుకు తీసుకుపోదగ్గ రసాయనాలు ఐదు మాత్రమే మిగిలాయి. ఆ లెక్కలన్నీ 2007లో ప్రచురించారు. తరువాత ఆస్ట్రాజెనెకా శాస్త్రవేత్తలు రాసుకున్న అనుభవమూ ఇంచుమించు ఇదే. పెద్ద కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి ఈ రంగం వదిలి వెళ్లడానికి ఈ నిరాశ కూడా ఒక కారణం.

ఎందుకిలా జరిగిందన్నది ఈ సమీక్షలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఇంటి ప్లాను చేతికొచ్చినంత మాత్రాన గుమ్మం దాటి లోపలికి పోలేం. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకు రెండు పొరలుంటాయి. బయటి పొర చాలా రసాయనాలను లోపలికి రానివ్వదు. తప్పించుకుని వెళ్లినవాటిని పంపుల వంటి ప్రోటీన్లు పట్టి బయటికి తోసేస్తాయి. పరీక్షనాళికలో ప్రోటీన్‌ను చక్కగా ఆపిన రసాయనం బతికున్న బాక్టీరియా దగ్గర చేతులెత్తేసింది. పైగా కంపెనీల గిడ్డంగుల్లో ఉన్న రసాయనాలు ఎక్కువగా మనిషి రక్తపోటుకో, మధుమేహానికో తగ్గట్టు చేసినవి. బాక్టీరియా పొర దాటడానికి కావలసిన గుణాలు వేరు.

రెండో కారణం సూక్ష్మమైనది. దాన్ని వివరించడానికి హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) కంటే మంచి చోటు లేదు. అక్కడ మంజులా రెడ్డి బృందం ఈ.కోలై కణకవచం ఎలా పెరుగుతుందో ఏళ్ల తరబడి తవ్వింది. కణకవచం బాక్టీరియా చుట్టూ బిగుతుగా అల్లుకున్న వల. పెన్సిలిన్ ఆ వల అల్లికను చెడగొట్టి బాక్టీరియాను చంపుతుంది. అయితే బాక్టీరియా పెరగాలంటే కొత్త ముక్క చేర్చే ముందు పాత వలను అక్కడక్కడ తెంచాలి కదా. ఆ తెంచే పని చేసే మూడు ఎంజైములను ఈ బృందం 2012లో బయటపెట్టింది. వాటిలో ఏ ఒక్కటి తీసేసినా బాక్టీరియా బతుకుతుంది. మూడూ లేకపోతే కణకవచం పెరగక పగిలి చస్తుంది. ఈ పరిశోధనలకు మంజులా రెడ్డికి 2019 ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఈ మూడు ఎంజైములను గ్లాక్సో వారి పద్ధతిలో పెట్టి చూడండి. ఒక్కొక్క జన్యువునూ తీసేసి, బాక్టీరియా చస్తే "అవసరమైనది", బతికితే "అనవసరమైనది" అని రాసుకుంటూ పోతే ఈ మూడూ అనవసరం జాబితాలోనే పడతాయి. ఈ.కోలైలో ఒక్కొక్క జన్యువును విడివిడిగా తొలగించిన 3,985 రకాల బాక్టీరియా సంచయాన్ని జపాను శాస్త్రవేత్తలు 2006లో తయారుచేశారు. అది అపురూపమైన వనరు. కానీ ఒకదాని పని మరొకటి అందుకునే జన్యువుల సంగతి అలాంటి జాబితా ఒక్కటే చెప్పలేదు. ఏ పదం ఏ పదంతో కలిసి పనిచేస్తుందో తెలియకుండా పదాలన్నీ లెక్కపెట్టడం జీనోమ్‌ను చదవడం కాదు. కణం లోపలి జీవక్రియను ఓపికగా విప్పే ప్రయోగశాలలకే అది తెలుస్తుంది. అలాంటి ప్రాథమిక పరిశోధనకు డబ్బు ఇవ్వడం వృథా అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

దారి తిరగేసినప్పుడు జీనోమ్ పనికొచ్చింది. దీనికి క్షయ మందు బెడాక్విలిన్ గట్టి సాక్ష్యం. బెల్జియంలో కోయెన్ ఆండ్రీస్ బృందం ముందే ఏ జన్యువునూ ఎంచుకోలేదు. బతికున్న మైకోబాక్టీరియా మీద రసాయనాలు వేసి, చంపినదాన్ని పట్టుకుంది. తరువాత ఆ మందుకు లొంగకుండా తిరగబడిన బాక్టీరియాను వేరుచేసి, వాటి జన్యుపటం మొత్తం చదివి, మామూలు బాక్టీరియాతో పోల్చింది. మార్పు ఏటీపీఈ అనే జన్యువులో కనిపించింది. బాక్టీరియా తన శక్తిని తయారుచేసుకునే ఎంజైములో అది ఒక భాగం. మందు ఎక్కడ దెబ్బకొడుతోందో ఆ ఒక్క మార్పు చూపించేసింది. 2005లో ఈ ఫలితం ప్రచురితమైంది, 2012 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. నాలుగు దశాబ్దాల్లో కొత్త పద్ధతిలో పనిచేసే మొదటి క్షయ మందు అదే. లొంగని క్షయకు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు మింగి, సూదులు వేయించుకున్న రోగులకు ఇప్పుడు బెడాక్విలిన్ చేరిన ఆరు నెలల చికిత్స ఉంది. మన ఆరోగ్య శాఖ దాన్ని 2024లో ఆమోదించింది.

అదే బాటలో మరికొన్ని వచ్చాయి. అసినెటోబాక్టర్ మీద పనిచేసే జోసురాబల్పిన్‌ను రోష్ సంస్థ ముందు బతికున్న బాక్టీరియా మీదే పట్టుకుంది, లొంగని రకాల జన్యువులు చదివి అది బయటి పొరకు సరుకు చేరవేసే యంత్రాంగాన్ని ఆపుతోందని గుర్తించింది. ఆ పత్రం 2024లో వచ్చింది. 2020లో హాలిసిన్, 2023లో అబాసిన్ అనే రసాయనాలను కంప్యూటర్ ఎంచి చూపింది. అక్కడ కూడా యంత్రానికి పాఠం చెప్పింది బతికున్న బాక్టీరియా మీద చేసిన ప్రయోగాల ఫలితాలే. అబాసిన్ దెబ్బకొట్టే చోటును మళ్లీ జన్యుపటమే చూపింది. కృత్రిమ మేధ గురించి ఇప్పుడు వినిపిస్తున్న ఆర్భాటంలో ఈ సంగతి మరుగున పడకూడదు. హాలిసిన్, అబాసిన్ రెండూ ఇంకా రోగి దాకా రాలేదు.

జీనోమ్ ఇచ్చిన రెండో గొప్ప వరం మట్టిలో ఉంది. ఇక్కడ గొలుగొండ వంటి చోట్లకు నేరుగా సంబంధం ఉంది. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుపటం చదివారు. 86 లక్షలకు పైగా అక్షరాలు, 7,825 జన్యువులు. దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో పెంచిన ఈ జీవి చేసే రసాయనాలు కొన్నే తెలుసు. జన్యుపటంలో మాత్రం అలాంటివి తయారుచేయగల జన్యు సముదాయాలు 20కి పైగా కనిపించాయి. అంటే పాతకాలం మట్టివేటగాళ్లు చూసింది పైపై భాగమే. సుబ్బారావు కాలంలో పళ్లెంలో పెరిగిన జీవినే పరీక్షించగలిగేవారు. మట్టిలోని బాక్టీరియాలో అత్యధిక భాగం పళ్లెంలో పెరగనే పెరగవు. ఇప్పుడు జీవిని పెంచకుండా, మట్టిలోంచి డీఎన్ఏనే నేరుగా తీసి చదవవచ్చు.

న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో షాన్ బ్రాడీ బృందం చేసింది అదే. అమెరికా నలుమూలల నుంచి మామూలు జనం పంపిన సుమారు 2,000 మట్టి నమూనాల డీఎన్ఏ చదివి, ఒక ఎడారి మట్టిలో దొరికిన జన్యువులను ప్రయోగశాలలో పెరిగే స్ట్రెప్టోమైసిస్‌లోకి చేర్చి, 2018లో మలసిడిన్ అనే కొత్త రసాయనాన్ని తీశారు. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ పుట్టించిన పుండ్లను అది ఎలుకల్లో నయం చేసింది. 2022లో వారే ఇంకో అడుగు వేశారు. జన్యువులు చదివి, అవి ఏ రసాయనాన్ని చేస్తాయో లెక్కకట్టి, దాన్ని రసాయనశాస్త్రంతోనే తయారుచేశారు. సిలాగిసిన్ అలా వచ్చింది. బాక్టీరియా కణకవచానికి కావలసిన రెండు అణువులను ఒకేసారి పట్టుకుంటుంది కాబట్టి దాన్నుంచి తప్పించుకోవడం బాక్టీరియాకు కష్టం. అదే ఏడాది 10,000కు పైగా బాక్టీరియా జీనోమ్‌లు వెతికి మకోలసిన్ కనుగొన్నారు. అన్నీ విఫలమయ్యాక వాడే కొలిస్టిన్‌కు ఇది దూరపు బంధువు, కొలిస్టిన్‌కు లొంగని రకాల మీద కూడా పనిచేస్తుంది. కోళ్లకూ పశువులకూ కొలిస్టిన్ పెట్టడాన్ని మన దేశం 2019లో నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైందన్నది నా బాధ.

మన దగ్గర మట్టివేట లేదా అంటే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి. ఎల్లయ్య బృందం విశాఖ, కాకినాడ తీరాల్లో బంగాళాఖాతం అడుగు మట్టిలోంచి స్ట్రెప్టోమైసిస్ తరహా ఆక్టినోమైసెట్లను వేరుచేసి, వాటిలో బాక్టీరియాను చంపేవాటిని 1990ల నుంచి గుర్తిస్తూ వచ్చింది. ఆ పని పళ్లెం యుగం నాటిది, జీనోమ్ చదవడం అప్పుడు చేతికందే ధరలో లేదు. ఇప్పుడు ఉంది. అలా వేరుచేసిన సూక్ష్మజీవుల జీనోమ్‌లు చదివించడం కొత్త మట్టి తవ్వడం కన్నా చవక. మన విశ్వవిద్యాలయాల్లో ఫ్రీజర్లు పాడై, కరెంటు పోయి, పెద్దాయన రిటైరై సూక్ష్మజీవుల సంచయాలు పోవడం నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా తోస్తుంది. కొత్త భవనం కట్టే ముందు పాత ఫ్రీజర్లకు జనరేటరు పెట్టాలి.

మట్టి చదివితే మందే కాదు, మందును ఓడించే జన్యువూ దొరుకుతుంది. ఈ విషయంలో తెలుగు నేల పేరు ప్రపంచానికి చేదుగా తెలుసు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. తరువాతి ఏళ్లలో ఆ చుట్టుపక్కల వాగులు, చెరువుల అడుగు మట్టి డీఎన్ఏ చదివితే నిరోధక జన్యువులు పుష్కలంగా కనిపించాయి. అవి ఒక బాక్టీరియా నుంచి ఇంకో బాక్టీరియాకు దూకడానికి సాయపడే జన్యు భాగాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీ నీటిలో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండవచ్చో 121 మందులకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇదే విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నక్కపల్లిలో పార్కు ఇప్పుడే లేస్తోంది. పటాన్‌చెరు అనుభవం ఉన్న రాష్ట్రాలు ఆ పరిమితులను మొదటి రోజు నుంచే పెట్టాలి, బయటికొచ్చే నీటి డీఎన్ఏను కూడా క్రమం తప్పక చదవాలి. ఒకవైపు కొత్త మందు వెతుకుతూ ఇంకోవైపు దాన్ని ఓడించే జన్యువులను సముద్రంలోకి వదలడం ఎంత మాత్రం సహించరానిది.

రోగి దగ్గర జీనోమ్ చేయగలిగే పని ఇంకొకటి ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నియాజ్ అహ్మద్ బృందం 2011లో ఎన్ఏ114 అనే ఈ.కోలై జీనోమ్ ప్రచురించింది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ నుంచి తీసిన రకం అది, అనేక మందులకు లొంగదు. మన రోగుల్లో తిరిగే రకాలు ఏవో మన పటాలే చెప్పాలి, అమెరికా రోగి నుంచి తీసిన బాక్టీరియా మీద చేసిన మందు ఇక్కడ పనిచేస్తుందన్న హామీ లేదు. క్షయలో ఈ చదువు పల్లె దాకా వచ్చింది కూడా. గోవాలో తయారైన ట్రూనాట్ పరీక్ష కఫంలో క్షయ ఉందా, ఆర్‌పీఓబీ జన్యువులో రిఫాంపిసిన్‌ను ఓడించే మార్పు ఉందా అన్నది గంటల్లో చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. మూత్రంలో మంటకో, పసిబిడ్డ రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కో అలాంటి పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇంకా రాలేదు. కొత్త మందు వచ్చినా, ఎవరికి ఇవ్వాలో చెప్పే పరీక్ష లేకపోతే అదీ ఆర్ఎంపీ సంచిలో చేరి పదేళ్లలో చచ్చుబడుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. అకాయోజెన్ అనే అమెరికా సంస్థ ప్లాజోమైసిన్‌కు 2018లో అనుమతి తెచ్చుకుంది, 2019లో దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ను వీలైనంత తక్కువగా వాడాలి, తక్కువ వాడితే కంపెనీకి రాబడి లేదు. బ్రిటన్ 2022లో రెండు యాంటీబయాటిక్‌లకు ఎన్ని వాడినా వాడకపోయినా ఏటా స్థిరమైన మొత్తం చెల్లించే పద్ధతి మొదలుపెట్టింది. మన దేశంలో ఆశ కలిగించే సంగతులు లేకపోలేదు. చెన్నై ఆర్చిడ్ ఫార్మా కనుగొన్న ఎన్‌మెటాజోబాక్టమ్ కలిసిన మందుకు 2024లో అమెరికా అనుమతి వచ్చింది. బాక్టీరియా పెన్సిలిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమును అది ఆపుతుంది. 2008లో సీఎస్ఐఆర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీలో వందలాది విద్యార్థులు కలిసి క్షయ జీనోమ్‌లోని జన్యువుల సమాచారాన్ని మళ్లీ పరిశీలించి రాశారు. అలాంటి పనికి నర్సీపట్నం డిగ్రీ కాలేజీ విద్యార్థికీ ఇంటర్నెట్టూ శిక్షణా ఉంటే చాలు.

ఇన్ని దారుల్లో మన ప్రాంతానికి తగినది ఏది అంటే నా జవాబు ఇది. లక్షల రసాయనాలు జల్లెడ పట్టే యంత్రాల పోటీలో మనం పెద్ద కంపెనీలను అందుకోలేం, అందుకోనక్కరలేదు కూడా. మన దగ్గర మూడు ఉన్నాయి. రసాయనం తయారీలో ఆరితేరిన చేతులున్నాయి, జన్యువు చదివి లెక్కకట్టిన అణువును తయారుచేయడానికి కావలసింది అదే. సీసీఎంబీ వంటి చోట్ల బాక్టీరియా లోపలి జీవక్రియ తెలిసినవారున్నారు. తూర్పు కనుమల మట్టీ, బంగాళాఖాతం అడుగు మట్టీ ఉన్నాయి. లేనిది వీటిని కలిపే మధ్య మెట్టు. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి స్థాయిలో కల్చర్ చేసి, లొంగని బాక్టీరియాను పారేయకుండా భద్రపరచి, విశాఖలో దాని జీనోమ్ చదివి, కొత్త రసాయనాలను ఆ బాక్టీరియా మీదే పరీక్షించే ఏర్పాటు కావాలి. ఖర్చు ఒక బల్క్ డ్రగ్ పార్కు రోడ్ల ఖర్చులో చిన్న భాగమే అవుతుందని నా అంచనా.

మట్టి మాటకొస్తే ఒక హక్కు సంగతి తేల్చుకోవాలి. ఏజెన్సీ మట్టిని సంచిలో పట్టుకుపోతే 2002 నాటి జీవవైవిధ్య చట్టం వర్తిస్తుంది, లాభంలో స్థానికులకు వాటా రావాలి. కానీ మట్టి ఒక్కసారి చదివాక ఆ అక్షరాలు కంప్యూటర్లో ఎక్కడికైనా పోతాయి, ఆ తరువాత మందు చేసేవాడికి మట్టితో పనే ఉండదు. ఈ చిక్కుకు పరిష్కారంగా 2025 ఫిబ్రవరిలో కాలీ నిధి అనే అంతర్జాతీయ నిధి ఏర్పడింది. జన్యు సమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో ఒక శాతమో, ఆదాయంలో 0.1 శాతమో దానికి ఇవ్వాలన్నది సూచన, అది స్వచ్ఛందం. కొండమీది ఊరికి ఆ సొమ్ము ఎప్పుడు చేరుతుందో చూస్తూ కూర్చోవడం కుదరదు. నమూనా తీసుకునే ముందే ఆ ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీతో, గ్రామసభ ఎదుట, తెలుగులో రాసుకున్న ఒప్పందం ఉండాలి. అందులో మట్టితో పాటు మట్టిలోంచి చదివిన అక్షరాల మీద వచ్చే లాభం గురించి కూడా ఒక షరతు ఉండాలి. వచ్చే వాటాలో మొదటి భాగం ఆ మండలం ఆరోగ్య కేంద్రంలో కల్చర్ పరీక్ష పెట్టడానికి పోవాలని నేను కోరుతున్నాను.